బతికున్నవాడి ఫాతిహా

నేను చచ్చిపోయానని మా అక్క అనుకున్న రోజున నేను ఆమె ఎదురుగానే చాప మీద కూర్చుని ఉన్నాను. తలారా స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, పళ్లెంలో ఉన్న మిరపకాయ బజ్జీల వైపు ఆశగా చూస్తున్నాను. చచ్చినవాడికి అంత ఆకలి ఉంటుందా, మీరే చెప్పండి.

నా పేరు బుడాన్. మేం నూర్‌బాషీలం. ఊళ్లో దూదేకులవాళ్లంటారు. మా ఇళ్లల్లో ఉర్దూ లేదు, తిట్టుకున్నా కొట్టుకున్నా తెలుగులోనే. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, నేనూ అదే చేశాను. ఇప్పుడు జనం స్పాంజి పరుపులు కొనుక్కుని నడుము నొప్పి, మెడ నొప్పి అని ఊరంతా మూలుగుతున్నారు గానీ నా గడప మాత్రం తొక్కరు. అది వేరే ఏడుపు. దాని గురించి మొదలుపెడితే నాకు కోపం వస్తుంది, అసలు సంగతి వెనకబడిపోతుంది.

అసలు సంగతి మా అక్క రహిమున్నీసా. నాకు డెబ్భై దగ్గర పడుతున్నాయి, ఆమె నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. గుంటూరుకీ చిలకలూరిపేటకీ మధ్య రోడ్డు వారగా మా ఊరు. రెండు పక్కలా మిరప, దాని వెనక పత్తి. మా అమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగు పనికి పోయేది కాబట్టి నన్ను పెంచింది మా అక్కే. మిరపకాయ కోతలకి పోతూ నన్ను కూడా చంకనేసుకుని వెళ్లేది. గట్టు మీద గుడ్డలో పడుకోబెట్టేది. ఘాటుకి నేను గుక్కపట్టి ఏడిస్తే, చేతులకి కారం ఉంటుంది గనక మోచేత్తో నా కళ్లు తుడిచేదట. ఈ మాట మా అమ్మ చెప్పేది. ఇప్పటికీ మా అక్క ఎవరి పిల్లల కళ్లయినా ముందు మోచేత్తోనే తుడుస్తుంది.

ఇక ఆ రోజు సంగతి. షబేబరాత్ ముందు రోజు సాయంత్రం మా ఇళ్లల్లో పెద్దల పేర ఫాతిహా చదివిస్తాం. చాప పరిచి, తెల్ల దుప్పటి వేసి, సాంబ్రాణి పొగ వేసి, బూరెలు, మలీదా పెడతాం. వాటితో పాటు పోయినవాళ్లకి ఏది ఇష్టమో అది కూడా పెట్టాలి. మా నాన్నకి చుట్ట. మా అమ్మకి తమలపాకులు. మా బావ ఖాసింకి గోళీసోడా. నాలుగేళ్ల కిందట నన్ను వదిలేసి పోయిన నా భార్య సైదాబీకి నిమ్మతొనలు, ఆ చిన్నపిల్లలు చప్పరించే బిళ్లలు. ముల్లాగారు కళ్లు మూసుకుని ఎవరి పేరున అని అడుగుతుంటే ఇంట్లో ఒక మనిషి ఒక్కో పేరూ అందించాలి. మా రెండిళ్లకీ ఆ పని అక్కదే. మొగుడూ పెళ్లాలను విడదీయకుండా జంటగా చెప్పాలని మా అమ్మ నేర్పింది. అక్క ఎన్నడూ ఒక్క పేరు తడబడింది లేదు.

ఆ రోజు నేను కాస్త ముందే వెళ్లాను. దుప్పటి మీద చుట్ట ఉంది, ఆకులున్నాయి, సోడా ఉంది, నిమ్మతొనలున్నాయి. వాటి పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీలు, మధ్యకి చీల్చి ఉల్లిపాయ కూరినవి. అవంటే నాకు ప్రాణం. తమ్ముడొస్తాడని అక్క వేసిందని మురిసిపోయాను. చెయ్యి చాచబోతే మా మేనల్లుడు ఇలియాస్ “ఫాతిహా అయ్యాక తిను మావయ్యా, ఆగలేవా” అన్నాడు. వాడికి మిరప టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, గుంటూరు యార్డుకి తోలే చిన్న లారీ ఉంది. రోజంతా కారంలో ఉంటాడు కాబట్టి మాట కూడా అట్లాగే ఉంటుంది.

ముల్లా ఇమాం హుస్సేన్ గారు మొదలుపెట్టారు. అక్క గొంతు సవరించుకుంది. “మా తాత నాగుల్‌మీరా పేరున. మా నాయనమ్మ జైనాబీ పేరున. మా నాన్న మౌలాలి పేరున. మా అమ్మ హుస్సేన్‌బీ పేరున. మా ఆయన ఖాసిం పేరున. మా మరదలు సైదాబీ పేరున.”

సైదాబీ పేరు వినగానే నేను తల దించుకున్నాను. అక్క ఆగలేదు.

“మా తమ్ముడు బుడాన్ పేరున” అంది.

ముల్లాగారు ఆ ఊపులో నా పేరున కూడా చదవడం మొదలుపెట్టేశారు. సగం చదివాక ఆయన నోరు ఆగిపోయింది, ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇలియాస్ భార్య నాజియా చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టి మెల్లిగా అక్క భుజం మీద చెయ్యి వేసింది.

“అత్తయ్యా, మావయ్య ఇక్కడే ఉన్నారు.”

“ఎక్కడే? మొన్న కార్తీకంలో పోలేదూ వాడు. వాడికిష్టమని బజ్జీలు కూడా వేశాగా” అంది అక్క. ఎంతో మామూలుగా, కూరలో పసుపు వేశానని చెప్పినట్టే చెప్పింది.

నాలుగేళ్ల కిందట కార్తీకంలో పోయింది నా భార్య. నోరు జారిందంటే నేను నమ్మేవాణ్ణి, జంటగా చెప్పే అలవాటు కాబట్టి పెళ్లాం పేరు వెంట మొగుడి పేరు దొర్లిందనుకునేవాణ్ణి. కానీ బజ్జీలు నోరు జారితే రావు. పొద్దున లేచి, మిరపకాయలు ఏరి, శనగపిండి కలిపి, నూనె కాచి, పోయిన తమ్ముడి కోసమని వేసింది. అంటే పొద్దుటి నుంచీ నేను ఆమె లెక్కలో లేను.

అప్పుడు అక్క తలెత్తి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ముందు ఎవరో అనుకుంది, తర్వాత నేనని తెలిసింది, ఆ తర్వాత తానేం చేసిందో తెలిసింది. ఈ మూడూ ఆమె ముఖంలో ఒకదాని వెంట ఒకటి రావడం నేను కళ్లారా చూశాను. పగవాడికి కూడా ఆ చూపు వద్దు. “అయ్యో తండ్రీ” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ముల్లాగారు పెద్దమనిషి. “ఏం పర్లేదమ్మా, దువా బతికున్నవాళ్లకి కూడా చెయ్యొచ్చు. ఆయుష్షు పెరుగుద్ది” అన్నారు. నేను కూడా ఊరుకోలేదు. బజ్జీ ఒకటి తీసి కొరికాను. “నా ఫాతిహా నేనే తింటున్నా, ఈ భాగ్యం ఊళ్లో ఎవడికుంది? ఉప్పు వెయ్యడం మర్చిపోయావక్కా. నేను నిజంగా పోయినప్పుడైనా కాస్త ఉప్పెయ్యి” అన్నాను. ఇలియాస్ నవ్వాడు, నాజియా నవ్వీ నవ్వనట్టు నవ్వింది. మా అక్క నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆమె పేర్లు మానేసింది.

నా పేరు ఒక్కటే కాదు, ఎవరి పేరూ పలకదు. కొడుకుని “అబ్బాయ్” అంటుంది, కోడల్ని “అమ్మాయ్” అంటుంది, పాలవాణ్ణి కూడా “అబ్బాయ్” అంటుంది. నేను వెళితే “రా” అంటుంది, అంతే. అంతకు ముందు నేను వీధి చివర ఉండగానే “ఒరే బుడానూ, ఎండలో టోపీ ఏదిరా” అని అరిచేది. ఆ అరుపు విని వీధిలో వాళ్లంతా నవ్వేవాళ్లు. డెబ్భై ఏళ్ల ముసలాణ్ణి పసిపిల్లవాణ్ణి పిలిచినట్టు పిలుస్తుందని నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆ అరుపు లేకపోతే వీధిలో నడవబుద్ధి కావడం లేదు.

తర్వాత మాటలు కూడా తగ్గాయి. పేర్లు లేకుండా ఎంతసేపు మాట్లాడతారు ఎవరైనా? వసారాలో మంచం మీద కూర్చుని రోడ్డు మీద పోయే పత్తి ట్రాక్టర్లు చూస్తూ ఉంటుంది. చేతి కింద పని ఉన్నా చెయ్యదు. “నీళ్లు పెట్టనా”, “తిన్నావా”, అంతటితో సరి. ఇలియాస్‌కి ఇదేమీ పట్టలేదు. “పెద్దదయిపోయింది మావయ్యా, ఇంకేం చేస్తాం. వచ్చేసారికి పేర్లన్నీ ఫోన్లో పెట్టుకుంటా, ముల్లాగారికి నేనే చదివేస్తా” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “ఒరేయ్, మీ అమ్మ నోరు మూసుకుని కూర్చుంటే నీకు ఫోను గుర్తొచ్చిందా? లారీ ఇంజను కొట్టుకుంటే గుంటూరు దాకా పరిగెత్తుతావే, మీ అమ్మకి ఏమైందో చూపించాలని తోచలేదా” అని వీధంతా వినపడేట్టు తిట్టాను. వాడు తల దించుకున్నాడు. నాజియా లోపలి నుంచి వచ్చి “నేను చెప్తూనే ఉన్నా మావయ్యా. రేపే వెళ్దాం” అంది.

నాజియా, నేను, అక్క కలిసి బస్సులో గుంటూరు వెళ్లాం. మెదడు జబ్బులు చూసే డాక్టరు జయరావు గారి దగ్గరికి. వయసులో మా ఇలియాస్ కంటే కొంచెం పెద్దవాడేమో. బల్లకి అవతల కాకుండా అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, అక్కడే నాకు నచ్చాడు.

“అమ్మా, మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. పలక. కొబ్బరి. రైలు” అన్నాడు. తర్వాత గడియారం బొమ్మ గీయమన్నాడు. అక్క గుండ్రంగా సున్నా చుట్టి, అంకెలన్నీ ఒక పక్కనే వేసి, రెండో పక్క ఖాళీగా ఉందని తనే తెలుసుకుని కాగితం వెనక్కి తోసేసింది. ఈరోజు ఏం వారం అని అడిగాడు.

“సోమవారం” అంది.

“ఎట్లా చెప్పారమ్మా?”

“బస్టాండులో పెదకాకాని బస్సు దగ్గర జనం కొబ్బరికాయల సంచులు పట్టుకుని తోసుకుంటున్నారు. శివుడి గుడికి సోమవారమే కదా అంతమంది పోయేది.”

డాక్టరు నవ్వాడు. నాకు గర్వం వేసింది, మా అక్క మొద్దు కాదని ఆయనకి తెలిసింది కదా. కానీ ఆ మూడు మాటలు అడిగితే రైలు ఒక్కటే చెప్పింది. కొబ్బరికాయల గురించి అప్పుడే మాట్లాడి కూడా కొబ్బరి అనే మాట చెప్పలేకపోయింది. నాజియా కళ్లు తుడుచుకుంది.

స్కానింగు తీశారు. రక్తం పరీక్షలు చేశారు. ఆ ఫిలిం వెలుగులో పెట్టి డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. వయసు మీదపడితే మెదడు అందరికీ కొంచెం కుంచించుకుపోతుందట. ఆయనకీ, నాకూ, ఎవరికైనా. పేరు నోటి చివరి దాకా వచ్చి ఆగుతుంది, కాసేపటికి తనే వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదట. అక్కకి అంతకంటే ఎక్కువ ఉంది. కొత్తగా జరిగినవి లోపల నిలవడం లేదు, పాతవి గట్టిగా ఉన్నాయి. ఎప్పుడు ఏది జరిగిందనే వరస కలగాపులగం అవుతోంది. జబ్బు మొదట్లోనే ఉందన్నాడు. పూర్తిగా తగ్గించే మందు లేదనీ, జబ్బుని నిదానం చేసేవి ఉన్నాయనీ చెప్పాడు.

“పాత పరుపులో దూది ఉండలు కట్టినట్టా అయ్యా?” అని అడిగాను.

“కొంచెం అట్లాగే అనుకోండి” అన్నాడు.

“పరుపయితే విప్పి మళ్లీ ఏకేవాణ్ణి” అన్నాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు.

తర్వాత అసలు మాట చెప్పాడు. “ఈమె మాట్లాడటం ఎందుకు మానేసిందో చెప్పండి” అన్నాడు. నాజియా ఫాతిహా సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. “జబ్బు ఒకెత్తు, భయం ఒకెత్తు. ఈమెని మూగదాన్ని చేసింది జబ్బు కాదు, భయం. ఇట్లా ముడుచుకుని కూర్చుంటే ఉన్నది కూడా తొందరగా పోతుంది. నడిపించండి, పని చేయించండి, చెవులు సరిగ్గా వినపడుతున్నాయో లేదో చూపించండి. అన్నిటికంటే ముందు మాట్లాడించండి. తప్పు మాట్లాడినా పర్లేదు, మాట ఆగకూడదు” అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఒక్కటే అనుకున్నాను. మా అక్క నన్ను మర్చిపోతే పోనీ, ఏం చేస్తాం, దేవుడి పని. కానీ నేను గుర్తుండగా నా పేరు నోట్లోనే నొక్కేసుకుంటే మాత్రం ఒప్పుకునేది లేదు. మళ్లీ ఆమె నన్ను పేరు పెట్టి పిలవాలి. ఉన్న నాలుగు రోజులూ పిలవాలి.

మర్నాటి నుంచి పొద్దున్నే ఒక పాత దిండు చంకన పెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాను. దాన్ని విప్పి ఇద్దరి మధ్యా కుప్ప పోస్తే అక్క చేతులు ఊరుకోవు. గడ్డకట్టిన దూది వేళ్లతో విడదీసి పొరలు పొరలుగా పరుస్తుంది. ఆ వేళ్లకి మతిమరుపు లేదు, నాకంటే శుభ్రంగా చేస్తుంది. నేను పక్కన కూర్చుని కావాలని అబద్ధాలు చెప్పేవాణ్ణి, ఆమె దిద్దుతుందని.

“అక్కా, నేను పుట్టింది చీరాల్లో కదూ.”

తల అడ్డంగా ఊపేది.

“బావ నీకు పెళ్లిలో పెట్టిన చీర పచ్చది కదూ.”

మళ్లీ తల అడ్డంగా ఊపి, తన నోట్లోంచి మాట రాకుండా ఎర్ర మిరపకాయ ఒకటి చూపించేది. ఎర్ర చీర అని. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. నాజియా పని మధ్యలో వచ్చి “అత్తయ్యా, నా పేరేంటో చెప్పండి, చెప్తే టీ పెడతా” అనేది. అక్క టీ వద్దని చెయ్యి ఊపేది. టీ అంటే పడిచచ్చే మనిషి.

ఒకరోజు నాకు ఓపిక నశించింది. “ఎందుకే ఈ మొండితనం? ఒక్కసారి బుడాన్ అను, నీ సొమ్మేం పోయింది” అన్నాను.

చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. “అంటే పోతావురా. ముల్లాగారి చేత చదివించేశాను. ఇంక నా నోట్లోంచి నీ పేరు వస్తే నిజమైపోద్ది” అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. “పోతే పోతాను. నాకు షుగరుంది, బీపీ ఉంది, మోకాళ్లు లేవు, పోవడానికి నీ నోరే కావాలా? నువ్వు పిలవకపోతే మాత్రం బతికుంటానా? ఇంటికొచ్చి గోడతో మాట్లాడుకుంటున్నా. సైదాబీ పోయింది, నువ్వూ మాట్లాడకపోతే నన్ను పిలిచేదెవరు” అని అరిచాను. చేతిలోని దూది అక్కడ పడేసి వచ్చేశాను. వీధి మలుపు తిరగ్గానే నాకే సిగ్గేసింది. జబ్బు మనిషి మీద అరిచినవాణ్ణి నన్నేమనాలి? తిరిగి వెళితే, మా అక్క కింద పడ్డ దూదిని ఏరి ఒడిలో వేసుకుంటోంది. కూర్చోమని మంచం చూపించింది. నేను కూర్చుని ఏడ్చాను. అక్క మోచేత్తో నా కళ్లు తుడిచింది. పేరు మాత్రం పలకలేదు.

ఎండలు ముదిరాయి. మిరపకాయలన్నీ కల్లాల నుంచి కోల్డ్ స్టోరేజీలకి వెళ్లిపోయాయి, ఇలియాస్‌కి కాస్త తీరిక చిక్కింది. మా బావ ఖాసిం పోయిన రోజు వచ్చింది. ఆ రోజు ఆయన పేర ఫాతిహా ఉంటుంది, ఆయన కంటే ముందు పెద్దల పేర్లన్నీ కూడా వరసగా చెప్పాలి.

ముందు రోజే నేనూ నాజియా ఒక నాటకం అనుకున్నాం. పేర్లు నేను చెప్తాను, బావ పేరు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయినట్టు నటిస్తాను. సొంత మొగుడి పేరు ఎవరూ చెప్పకపోతే అక్క ఊరుకోదు, తప్పకుండా అందిస్తుంది. ఇలియాస్‌కి ఈ సంగతి చెప్పలేదు, వాడికి నటన రాదు, అన్నీ ముఖంలోనే కనపడతాయి.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇమాం హుస్సేన్ గారు వచ్చారు. చాప, తెల్ల దుప్పటి, సాంబ్రాణి. అక్కని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాం. గోడకి ఆనుకుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. ఇలియాస్ ఫోను తీశాడు.

“అది జేబులో పెట్టుకో. నేను చెప్తా” అన్నాను.

ముల్లాగారు కళ్లు మూసుకున్నారు. నేను గట్టిగా మొదలుపెట్టాను. “మా తాత నాగుల్‌మీరా పేరున. మా నాయనమ్మ జైనాబీ పేరున. మా నాన్న మౌలాలి పేరున. మా అమ్మ...”

ఆగిపోయాను.

నేను ఆగాలనుకున్నది అక్కడ కాదు. బావ దగ్గర. కానీ మా అమ్మ పేరు రాలేదు. ముందు నవ్వొచ్చింది, ఒక్క క్షణంలో వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. అమ్మ ముఖం కనపడుతోంది. ముక్కుకి ఎర్రరాయి బేసరి కనపడుతోంది. ఆమె చీర కొంగులో పొగాకు వాసన కూడా తగులుతోంది. పేరు మాత్రం లేదు. అక్కడ పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. నా మెదడు కూడా మొదలెట్టిందా, నేను కూడా అక్క దారిలోనే ఉన్నానా అని భయం వేసింది. పేరు నోటి చివర ఆగుతుంది, కంగారు పడొద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎవడికి కావాలి ఆ మాట, నాకు మా అమ్మ పేరు కావాలి.

నాజియా నేను నాటకం తొందరగా మొదలుపెట్టాననుకుని కళ్లతో సైగ చేస్తోంది. ఇలియాస్ మళ్లీ ఫోను తీస్తున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

“హుస్సేన్‌బీ” అంది మా అక్క.

అందరం ఆమె వైపు తిరిగాం.

“హుస్సేన్‌బీ రా. కన్నతల్లి పేరు తెలీదా వెధవా? నిన్నెందుకు కన్నదిరా అది” అంది. గొంతు బొంగురుగా ఉంది గానీ కోపం మాత్రం పాత కోపమే. నా మీద ఆమెకి అంత కోపం వచ్చి ఎన్నాళ్లయిందో. ముల్లాగారి వైపు తిరిగి, “మీరు కానివ్వండి, వీడికి చేతకాదు. మా అమ్మ హుస్సేన్‌బీ పేరున” అని అందుకుంది.

ముల్లాగారు చదివారు. నేను కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఆమెనే చూస్తున్నాను.

“మా ఆయన ఖాసిం పేరున” అంది. ఆ పేరు చెప్పినప్పుడు తల కొంచెం వంచుకుంది. ముల్లాగారు చదివారు.

“మా మరదలు సైదాబీ పేరున.”

చదివారు. అక్క ఆగింది.

తర్వాత వచ్చేది ఏమిటో అందరికీ తెలుసు. మొగుడూ పెళ్లాలను జంటగా చెప్పే నాలుక అది, ఎన్నో ఏళ్ల అలవాటు. అక్క పెదాలు కదులుతున్నాయి, బయటికి మాట రావడం లేదు. ఆ పేరు ఎటు వెయ్యాలో, పోయినవాళ్ల వైపో ఉన్నవాళ్ల వైపో, ఆమెకి నిజంగానే తెలియడం లేదని నాకు అర్థమైంది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమే నా మోకాలి మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కి, నా ముఖంలోకి చూసింది.

“ఒరే బుడానూ” అంది.

“ఆఁ అక్కా.”

“నువ్వున్నావు కదరా?”

ఆ మాట అడగడానికి ఎంత భయపడిందో నా మోకాలి మీద ఆమె పట్టే నాకు చెప్పింది. తెలియనిది తెలియదని, అందరి ముందూ, ముల్లాగారి ముందు అడిగేసింది. నా జీవితంలో నేను చూసిన ధైర్యం అదే.

“ఉన్నానక్కా” అన్నాను.

తల ఊపింది. “ఇలియాస్?”

“ఉన్నానమ్మా” అన్నాడు వాడు. వాడి గొంతులో కారం లేదు.

“నాజియా?”

“ఉన్నానత్తయ్యా. ఇదిగో, మీ వెనకాలే” అంది నాజియా, వెనక నుంచి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి.

అక్క మళ్లీ తల ఊపింది. ఒక్కొక్కరిని చూసుకుంటూ వచ్చి, తన ఒడిలో ఉన్న చేతుల్ని చూసుకుంది. వాటిని తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లిగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

“మరి నేనో?”

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆమె జవాబు కోసం చూస్తోంది కాబట్టి ఏడవడానికి వీల్లేదు.

“నువ్వూ ఉన్నావక్కా. నా పక్కనే ఉన్నావు” అన్నాను.

“సరే అయితే” అంది అక్క. కొంగు సర్దుకుని ముల్లాగారి వైపు తిరిగింది. “మా ఇద్దరి పేర్లూ ఇప్పుడొద్దులెండి. మీరు చదవండి.”